రోమన్ హాలిడే: తెరమీద లేని పేరు

మన ప్రబంధకవి ప్రతి ఆశ్వాసం చివరా గద్యలో తన పేరూ తండ్రి పేరూ చెప్పుకునేవాడు. కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న ప్రభువు కృతిపతి అయ్యేవాడు. కర్త మాత్రం కవే. సినిమాలో ఆ గద్య చేసే పని టైటిల్స్ చేస్తాయి. ఎవరు రాశారో, ఎవరు తీశారో, ఎవరు నటించారో ప్రేక్షకుడికి చెప్పేవి అవే. ఐతే అవి ఎప్పుడూ నిజమే చెబుతాయా? 1953లో అమెరికాలో పారమౌంట్ కంపెనీ విడుదల చేసిన "రోమన్ హాలిడే" చరిత్ర చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

కథ చిన్నది. యూరప్ పర్యటనలో వున్న రాజకుమారి మర్యాదలతో విసిగి, ఒక రాత్రి రోమ్‌లో రాయబార భవనం నుంచి తప్పించుకుంటుంది. ఆమె ఎవరో తెలుసుకున్న అమెరికన్ విలేఖరి తన వృత్తి దాచి, రహస్యంగా వార్త సంపాదించాలని ఆమెను వూరంతా తిప్పుతాడు. అతని మిత్రుడు దొంగచాటుగా ఫొటోలు తీస్తాడు. రాజకుమారిగా ఆడ్రీ హెప్‌బర్న్, విలేఖరిగా గ్రెగరీ పెక్, ఫొటోగ్రాఫరుగా ఎడ్డీ ఆల్బర్ట్ నటించారు. దర్శకుడు విలియం వైలర్. స్టూడియోలో రోమ్ సెట్టు వెయ్యకుండా, 1952 వేసవిలో ఆ నగరంలోనే చిత్రం తీశారు. ఇటలీలో అమెరికన్ కంపెనీలు ఆర్జించిన డబ్బు బయటికి తీసుకుపోవడానికి ఆ రోజుల్లో ఆంక్షలుండేవి. దాన్ని అక్కడే ఖర్చుపెట్టటం కంపెనీకి లాభం. రోమ్ వీధుల అందం వెనక ఈ లెక్క కూడా వుంది.

హెప్‌బర్న్ అప్పటికి హాలీవుడ్‌కు కొత్త. యుద్ధకాలంలో, జర్మన్ ఆక్రమణలో వున్న హాలండులో ఆకలి చూసిన పిల్ల ఆమె. తన పేరుతో సమానంగా ఆమె పేరు కూడా చిత్రం పేరుకు ముందు వెయ్యాలని పెక్ పట్టుబట్టాడు. అలాగే వేశారు. ఒక కొత్త నటికి న్యాయం జరిగిన ఆ టైటిల్స్‌లోనే ఒక రచయితకు అన్యాయం జరిగింది.

చిత్రానికి మూడు ఆస్కార్లు వచ్చాయి: ఉత్తమ నటిగా హెప్‌బర్న్‌కు, దుస్తులకు ఎడిత్ హెడ్‌కు, కథకు ఇయాన్ మెక్‌లెలన్ హంటర్‌కు. ఆ కథ రాసింది హంటర్ కాదు, డాల్టన్ ట్రంబో.

ట్రంబో హాలీవుడ్‌లో ఎక్కువ జీతం తీసుకునే రచయితల్లో ఒకడు. 1943లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1947 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభవారి విచారణ సంఘం అతన్ని పిలిచి, నువ్వు పార్టీ సభ్యుడివా అని అడిగింది. ఆ ప్రశ్న అడిగే హక్కే సంఘానికి లేదని వాదించిన పదిమందిలో ట్రంబో ఒకడు. ఆ నవంబరులోనే స్టూడియోల అధిపతులు న్యూయార్కులో సమావేశమై ఆ పదిమందికీ పని ఇవ్వమని ప్రకటించారు. 1950లో ధిక్కార నేరం కింద ట్రంబో జైలుకు వెళ్లి సుమారు పది నెలలున్నాడు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. నల్లజాబితా ట్రంబో శ్రమను నిషేధించలేదు, అతని పేరును నిషేధించింది. అతని కథలు కంపెనీలకు కావాలి. అతను మాత్రం అక్కర్లేదు. పేరు పోయిన రచయిత తక్కువ ధరకు దొరుకుతాడు, ఎదురు మాట్లాడలేడు. హంటర్ దొంగ కాదు. స్నేహితుడి ఇంట్లో పొయ్యి వెలగటానికి తన పేరు అరువిచ్చినవాడు. తర్వాత అతని పేరూ జాబితాకెక్కింది.

విచారణను నిరసిస్తూ 1947లో సంఘం పెట్టినవారిలో వైలర్ ముఖ్యుడు. పెక్ కూడా దాన్ని సమర్థించాడు. కంపెనీలూ పత్రికలూ కన్నెర్ర చేసేసరికి ఆ సంఘం ఎక్కువకాలం నిలవలేదు. ఉదారవాదులు మంచివారే, కాని ఉద్యోగం పోతుందన్న భయం ముందు మంచితనం ఒక్కటే చాలదని అప్పుడు తేలింది.

ఇప్పుడు చిత్రం ముగింపు చూడండి. పెద్ద సొమ్ము తెచ్చే వార్త విలేఖరి చేతిలో వుంది. పత్రికాధిపతి అడిగితే వార్తేమీ లేదంటాడు. ఫొటోగ్రాఫర్ తను తీసిన బొమ్మలన్నీ కవరులో పెట్టి రాజకుమారికే ఇచ్చేస్తాడు. తనను నమ్మిన మనిషి రహస్యాన్ని అమ్ముకోకపోవటమే ఈ ప్రేమకథలో ప్రేమ. మిత్రుల పేర్లు చెప్పి ఉద్యోగాలు నిలబెట్టుకునే కాలంలో వచ్చిన చిత్రమిది. మారుపేరుతో తిరిగే రాజకుమారి, వృత్తి దాచిన విలేఖరి, చివరికి నోరు విప్పకపోవటమనే గౌరవం: వీటిని ట్రంబో జీవితం పక్కన పెట్టి చదివితే చిత్రం బరువు పెరుగుతుంది.

రాజకుమారి చివరికి అంతఃపురానికే పోతుంది, ఇందులో అభ్యుదయమేముందని విద్యార్థులు అడగవచ్చు. నిజమే, ఈ చిత్రం రాచరికాన్ని ప్రశ్నించదు. కాని నినాదం వున్నచోటే అభ్యుదయం వుంటుందనుకోవటం విమర్శకుడి సోమరితనం. మనిషిని మనిషి అమ్ముకోగూడదన్న నీతిని కోట్లమంది వినోదంగా స్వీకరించేటట్టు చెప్పటం చిన్నపని కాదు.

1957లో "ది బ్రేవ్ వన్" కథకు ఇచ్చిన ఆస్కారు రాబర్ట్ రిచ్ పేరు మీద వచ్చింది. ఆ రిచ్ కూడా ట్రంబోయే. 1960లో "ఎక్సోడస్", "స్పార్టకస్" చిత్రాల్లో అతని సొంత పేరు తెరమీదికి తిరిగొచ్చింది. 1976లో అతను చనిపోయాడు. "రోమన్ హాలిడే" కథకు ఆస్కారును 1993లో అతని భార్య క్లియో అందుకుంది. ఆ చిత్రం రచయితగా అతని పేరును అమెరికన్ రచయితల సంఘం అధికారికంగా పునరుద్ధరించింది 2011లో, అంటే చిత్రం వచ్చిన 58 ఏళ్లకు.

దీన్ని సత్యం గెలిచిందని చెప్పి సంతోషించి వూరుకోవచ్చు. కాని ట్రంబో ప్రసిద్ధుడు. అదే జాబితాలో పడి మళ్లీ ఎన్నడూ పని దొరకనివాళ్లకు ఏ సంఘమూ ఏ పేరూ తిరిగివ్వలేదు, ఇవ్వటానికి వాళ్లు రాసినవేవీ చిత్రాలు కాలేదు కనుక. కళాచరిత్ర రాసేవాడు టైటిల్స్ చదివితే సరిపోదు. అందులో ఎవరి పేరు లేదో, దాన్ని తీసేసిందెవరో కూడా అడగాలి.