కరీంనగరపు కళాశాల సభలు

నిజాం ప్రభుత్వపు చివరి దశాబ్దములలో ఉత్తర తెలంగాణమున ఒక సభ జరుపవలెనన్నచో ముందుగా సర్కారువారి అనుమతి పొందవలసి యుండెను. ప్రజలు ‘గస్తీ నిషాన్ తిర్పన్’ అని చెప్పుకొనిన 53వ సంఖ్యగల ఆజ్ఞాపత్రము వక్తృత్వమునకే సంకెల వేసినది. అంతకుముందే, 1921లో హైదరాబాదు వివేకవర్ధినీ పాఠశాలలో జరిగిన సభయందు ఒక వక్త తెలుగున ప్రసంగింప బూనగా సభికులు గేలిచేసిరి; ఆ అవమానము నుండియే ఆంధ్రజనసంఘము జనించెను. దాని పరిణామమైన ఆంధ్రమహాసభ 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన అప్పటి కరీంనగర జిల్లాలోని సిరిసిల్లలో సమావేశమైనప్పుడు, తమ కష్టసుఖములను తమ భాషలో బహిరంగముగా చర్చించుకొను భాగ్యము ఈ ప్రాంతమువారికి లభించినది.

సభలో తెలుగు వినబడినను తరగతిగదిలో నది వినబడుటకు మరి కొంతకాలము పట్టెను. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. 1931లో హనుమాజీపేటలో జన్మించిన సి. నారాయణరెడ్డి సిరిసిల్లలోను, కరీంనగరములోను, పిదప హైదరాబాదులోను ఉర్దూ మాధ్యమమునందే చదివి, తెలుగు కవిగా 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును పొందెను.

ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956వ సంవత్సరముననే కరీంనగరమున కళాశాల వెలసినది. వేములవాడ రాజరాజేశ్వరస్వామి పేర అది శ్రీ రాజరాజేశ్వర కళాశాలగా ప్రసిద్ధమైనది. 1959 నుండి 1961 వరకు ఆ కళాశాలకు ప్రధానాచార్యులుగా నుండినవారు కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణ. కృష్ణాజిల్లాలో పుట్టిపెరిగి, రామాయణ కల్పవృక్షమును నిర్మించిన ఆ మహాకవి, విజయవాడ కళాశాల నుండి విరమించి మానేరు తీరమున కార్యభారమును వహించుట ఈ పట్టణ సారస్వత చరిత్రలో విశిష్టఘట్టము. ఆయన ‘వేయిపడగలు’ నవలను ‘సహస్రఫణ్’ అను పేర హిందీలోనికి అనువదించిన పి.వి. నరసింహారావు సైతము అప్పటి కరీంనగర జిల్లాలోని మంథని నియోజకవర్గమునకు 1957 నుండి శాసనసభ్యుడుగా నుండెను.

కళాశాల సభ యనగా ప్రార్థనాగీతము, అధ్యక్షుని తొలిపలుకులు, వక్త పరిచయము, ప్రధానోపన్యాసము, వందన సమర్పణములతో ముగిసిపోవు తంతు మాత్రమే కాదు. పాఠ్యప్రణాళికలో లేని విషయమును పరీక్షాభయము లేక వినుట, విన్నదానిని ప్రశ్నించుట, ప్రశ్నించినను వక్తయెడల గౌరవము కోల్పోకుండుట అచ్చటనే అలవడును. పల్లె నుండి వచ్చి, నలుగురిలో నోరు విప్పుటకు జంకెడి విద్యార్థి ఒకనాడు వేదికనెక్కి స్వాగతవచనములు పలికినచో, అది అతని జీవితమున ఏ పట్టమునకును తీసిపోని సంపాదన.

ఆదిలాబాదు సీమ సారస్వత కథయు కరీంనగరపు కథకు దూరము కాదు. చెన్నూరున నివసించిన వానమామలై వరదాచార్యులు ‘పోతన చరిత్రము’ను రచించెను; ఉర్దూ సాహిత్యమును, హిందూస్థానీ సంగీతమును తెలుగువారికి పరిచయము చేసిన సామల సదాశివ ‘స్వరలయలు’ గ్రంథమునకు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును పొందెను. ఉర్దూ ఒకనాడు తెలుగును వేదిక నుండి తొలగించిన రాజభాషయే యైనను, దానిని ద్వేషింపక దాని రసమును తెలుగున నింపిన ఆయన సంస్కారమే విద్యాసభలకు ఆదర్శము.

కళాశాలల అనుబంధము ఉస్మానియా నుండి 1976లో వెలసిన కాకతీయ విశ్వవిద్యాలయమునకు, కరీంనగరమున మాత్రము పిదప 2008లో వెలసిన శాతవాహన విశ్వవిద్యాలయమునకు మారినది. పాలకసంస్థలు మారినను సభామందిరపు ధర్మము మారరాదు. అనుమతిపత్రము లేనిదే పెదవి కదపరాని కాలమును దాటివచ్చిన ప్రజలకు వేదిక అప్పనముగా లభించినది కాదు. కావున అధ్యాపకులారా, మీ మందిరముల తలుపులను పట్టణ ప్రజలకును తెరచి యుంచుడు. పౌరులారా, పిలిచినప్పుడు వెళ్లి వినుడు, విని ప్రశ్నింపుడు.