అతిథిశాల – జూదశాల

నేను నివసించు ధరణికోట పూర్వము ధాన్యకటకమను పేర శాతవాహనుల కాలమున మిక్కిలి ప్రసిద్ధి గాంచిన పట్టణము. కృష్ణానది మీదుగా ఓడలు ఈ యూరికి వచ్చెడివి. వర్తకులును భిక్షువులును యాత్రికులును ఇచ్చట దిగెడివారు. 1962వ సంవత్సరము తరువాత జరిగిన త్రవ్వకములలో ఆనాటి ఓడరేవు ఆనవాళ్లు బయల్పడినవి. పరదేశులు దిగు నూర బస యుండవలెను. బస యున్నచోట ప్రొద్దుపుచ్చుటకు వినోదమును వచ్చి చేరును. ఆ వినోదములలో జూదమొకటి. అతిథిశాలకును జూదశాలకును గల సంబంధము కాలక్రమమున నెట్లు మారినదో నేడు మీతో ముచ్చటింపదలచితిని.

మన ప్రాంతపు వైదిక కుటుంబములలో పెక్కు ఆపస్తంబసూత్రమునకు చెందినవి. ఆ మహర్షి తన ధర్మసూత్రమున రాజు పురము నెట్లు నిర్మింపవలెనో చెప్పుచు, రాజగృహమున కెదుట అతిథుల కొరకు ఆవసథము నొకదానిని కట్టింపుమనెను. అందు దిగిన అతిథులకు వారివారి యోగ్యతకు దగినట్లు శయ్యయు అన్నపానములును రాజే యొసగవలెను. పురమునకు దక్షిణమున వేరొక సభను కట్టింపుమనెను. దానికి ఉత్తర దక్షిణములందు ద్వారములుండి, లోపల జరుగునది వెలుపలివారికి కనబడుచుండవలెను. ఆ సభ నడుమ జూదపు వేదికను నెలకొల్పి, నీరు చల్లి, తాని పాచికలు చాలినన్ని యుంచవలెను. శుచులును సత్యవాదులును మాత్రమే అచ్చట నాడవలెను. అనగా, అతిథి కన్నము పెట్టు చోటు వేరు, జూదమాడు చోటు వేరు. ఆ జూదమైనను పదిమంది కన్నుల యెదుట జరుగవలసినదే.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుడను అధికారిని చెప్పినాడు. జూదము ఒక్కచోటనే జరుగవలెను. మరియొకచోట నాడిన వానికి 12 పణముల దండన. గెలిచిన ధనములో నూటికి 5 వంతులు అధ్యక్షుడు గ్రహించును. పాచికలకు, నీటికి, స్థలమునకు రుసుము వేరుగా నుండును. యాజ్ఞవల్క్యుడు జూదశాల నడుపువానిని సభికుడనెను. నూరు మొదలు పైకి గెలిచిన వానివద్ద నూటికి 5, తక్కిన వానివద్ద నూటికి 10 సభికుడు తీసికొని, రాజున కీయవలసిన భాగమిచ్చి, గెలిచినవానికి ఓడినవాని సొమ్ము ఇప్పింపవలెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్యను పురస్కరించుకొని, తిక్కన సోమయాజి శిష్యుడగు కేతన 13వ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగున ధర్మశాస్త్రమును వెలయించెను.

పాఠశాలలో లెక్కలు చెప్పినవాడను గనుక ఒక చిన్న లెక్క చెప్పెదను. నలుగురు తలకొక నూరు రూపాయలతో జూదమునకు కూర్చుండిరనుకొనుడు. ప్రతియాటకును పందెపు మొత్తము నూరు. గెలిచినవాని నుండి సభికుడు 5 రూపాయలు తీయును. ఆటగాండ్రలో ఒకసారి ఒకడు, మరియొకసారి మరియొకడు గెలుచుచుందురు. ఇరువది యాటలు ముగియునప్పటికి నూరు రూపాయలు, అనగా ఒక మనుష్యుడు తెచ్చిన సర్వధనమును, సభికుని పెట్టెలో చేరియుండును. సభికుడు పాచికను ముట్టలేదు. ఎవడు గెలిచినను ఎవడు ఓడినను అతనికి నష్టము లేదు.

ఇక మనువు జూదము నొల్లక, రాజు దానిని రాజ్యమునుండి తొలగింపవలెనని శాసించెను. పాచికలవంటి ప్రాణము లేనివానితో ఆడునది ద్యూతమనియు, కోళ్లు పొట్టేళ్లు మొదలగు ప్రాణులతో ఆడునది సమాహ్వయమనియు రెండు తెగలు చేసి, రెండింటిని నిషేధించెను. ఆ నిషేధమునకు కారణము మన సీమలోనే కనబడును.

మా యూరి ప్రక్కనున్న అమరావతి స్తూపపు శిల్పములలో విధురపండిత జాతకము చెక్కబడియున్నది. పూర్ణకుడను యక్షుడు మణి నొడ్డి కురురాజుతో పాచికలాడి గెలుపొంది, ఆ రాజు మంత్రియు మహాజ్ఞానియు నగు విధురుని తనవెంట గొనిపోయెను. ఆడినవాడు రాజు, ఇల్లు విడిచి పోవలసివచ్చినవాడు మంత్రి.

పలనాటి కథ మీకు క్రొత్త గాదు. గురజాల నలగామరాజు పక్షమున నాయకురాలు నాగమ్మయు, మాచర్ల మలిదేవరాజు పక్షమున బ్రహ్మనాయుడును కోడిపందెమునకు దిగిరి. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెననునది ఒడంబడిక. మాచర్లవారు ఓడిరి. పందెము రెండు కోళ్లకు. వలసపోయినది వేలకొలది జనము, ఆలమందలతో, పసిబిడ్డలతో. గడువు తీరినపిదప రాజ్యభాగము నడుగ వచ్చిన అలరాజు విషప్రయోగమున మరణించెను. సుమారు 1182 ప్రాంతమున కారెంపూడి యొద్ద నాగులేటి యొడ్డున ఉభయపక్షములవారును నశించిరి. నేటికిని కార్తీక అమావాస్యనాడు అచ్చట వీరులకు ఉత్సవము జరుగుచున్నది. పందెమున నొడ్డిన రాజ్యము ఏ యొక్కనిదియు గాదు. జూదమున నొడ్డబడునది సాధారణముగా ఆడువాని సొత్తు మాత్రమే గాదు. అందు భార్యకును బిడ్డలకును భాగముండును.

పాశ్చాత్య దేశములలో జూదశాలకు కాసినో యని పేరు. ఇటలీ భాషలో ఆ మాటకు చిన్న యిల్లని యర్థము. వెనిస్ నగరమున 1638లో ప్రభుత్వమే రిడోట్టో అను జూదగృహమును తెరచి, పౌరులు చెడిపోవుచున్నారని 1774లో మూసివేసెను. మొనాకో రాజ్యమున మాంటికార్లోలో 1863లో గొప్ప జూదశాల వెలసెను. దాని చుట్టును హోటళ్లు, నాటకశాల, తోటలు లేచినవి. జూదమును ఆతిథ్యమును ఒక్కటే వ్యాపారముగా కలిసినది అట్టి చోట్లనే. అచ్చటి రూలెట్ చక్రమున 37 గదులుండును. ఒక గదిమీద రూపాయి యొడ్డి గెలిచినవానికి 35 రూపాయలు లాభమిత్తురు. న్యాయముగా 36 ఈయవలెను. ఆ ఒక్క రూపాయియే నేటి సభికుని వృత్తి.

ఇందొక విశేషము గమనింపుడు. మొనాకో పౌరులకు ఆ జూదశాలలో ఆడు హక్కు లేదు. నేపాళమున కాసినోలున్నను నేపాళీయులు అందు ఆడరాదు. మన దేశమున గోవా ప్రభుత్వము 1976లో జూదచట్టము చేసి, 1992లో దానిని సవరించి, ఐదు నక్షత్రముల హోటళ్లలో జూదయంత్రములకు త్రోవ తెరచెను. పిదప పణజీ యొద్ద మాండవీ నదిలో జూదపు ఓడలు నిలిచినవి. 2020లో గోవావాసులు కాసినోలలో ఆడరాదని అచ్చటి ప్రభుత్వమే కట్టడి చేసెను. తన బిడ్డలకు కూడదని యెరిగినదానిని అతిథికి వడ్డించుచున్నారన్నమాట. ఆ అతిథులలో మన తెలుగువారును కలరు. ప్రవేశపు రుసుముతోనే భోజనమును పానీయమును ఇత్తురు గనుక మర్యాద జరిగినదని వారు సంతోషింతురు. ఆపస్తంబుని ఆవసథమున రాజు అతిథికి పెట్టెను. ఈ శాలలో అతిథియే గృహస్థునకు పెట్టుచున్నాడు.

మన రాష్ట్రమున 1974 నాటి చట్టము జూదశాలలను నిషేధించినది. రమ్మీ ముఖ్యముగా నేర్పుతో నాడు ఆటయని సుప్రీంకోర్టు 1967లో మన రాష్ట్రపు వ్యాజ్యెమున తీర్పు చెప్పుచు, క్లబ్బు ఆ యాటనుండి లాభము తీసినచో నేరము కావచ్చునని హెచ్చరించెను. న్యాయస్థానము చూపు సభికుని వాటామీదనే నిలిచినది. తరువాత చరవాణియే జూదశాల యైనది. తెలంగాణము 2017లో, ఆంధ్రప్రదేశము 2020లో దానిని నిషేధించెను. 2025లో డబ్బుతో నాడు అంతర్జాల క్రీడలను నిషేధించుచు పార్లమెంటు చట్టము చేసెను.

చట్టము రాజధానిలో పుట్టును. పందెము మన తోటలలో జరుగును. సంక్రాంతికి గోదావరి మండలములలో బరులు వెలయును, భీమవరపు బసలు నిండును. కోడి కాలికి కత్తి కట్టుదురు. ప్రక్కన గుండాటలు పరతురు. మున్ను నా శిష్యుడొకడు, చురుకైన బాలుడు, పండుగ వెళ్లినపిదప బడికి రాలేదు. విచారింపగా, తండ్రి బరిలో ఎడ్లజత నోడెననియు, బాలుడు కూలికి పోవుచున్నాడనియు తెలిసినది. ఆ తండ్రి పందెము కట్టుచుండగా చుట్టును నిలిచిన పెద్దలలో ఒక్కరును చేయి పట్టుకొనలేదు.

పెద్దలారా, ఆపస్తంబుడు సభకు రెండు ద్వారములుంచి, లోపలి యాట అందరికి కనబడవలెనని కోరెను. చూచువారు వారింపవలెననియే ఆ నియమమునకు అర్థమని నేను తలచుచున్నాను. ఈ సంక్రాంతికి మీ యూర బరి వెలసినచో, కోడి యెవరిదని గాక, ఒడ్డుచున్న సొమ్మెవరిదని అడుగుడు. బిడ్డలదని తోచినచో చేయి పట్టుకొనుడు.