గారబంధ రైతులు అడిగిన రిట్

శ్రీకాకుళం జిల్లా పాతపట్నానికి ఆనుకునే ఉన్న పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది. 1936లో ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడేదాకా అది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాదే. పర్లాకిమిడి జమీందారీలోని గారబంధ తదితర మూడు గ్రామాల రైతులు శిస్తు పెంపుపై నడిపిన వ్యాజ్యం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1943లో రైతులు ఓడిపోయారు. అయినా ఇంగ్లిష్ న్యాయశాస్త్రం చదివేవారికి అంతకంటే మంచి పాఠం మరొకటి దొరకడం కష్టం. హక్కు ఉంటే చాలదు, దాన్ని అడగడానికి ఒక కోర్టు ఉండాలన్నదే ఆ పాఠం.

1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టం కింద శిస్తు నిర్ణయించమని జమీందారు కోరారు. రెవెన్యూ అధికారి నిర్ణయించిన శిస్తు మీద చివరి మాట మద్రాసులోని రెవెన్యూ బోర్డుది. పెంపు చట్టం గీసిన హద్దు దాటిందన్నది రైతుల వాదన. అందుకే వారు సెర్షియోరారి రిట్ అడిగారు. కింది న్యాయాధికారి ముందున్న రికార్డును పైకోర్టు తెప్పించుకుని, అధికారం మీరి ఇచ్చిన ఉత్తర్వును కొట్టివేసే పాత ఇంగ్లిష్ సాధనం అది. దీన్ని అప్పీలుగా పొరబడకూడదు. అప్పీలులో నిర్ణయం సరైనదా అని చూస్తారు. రిట్‌లో ఆ నిర్ణయం చేసే అధికారం ఉందా, ఆ అధికారాన్ని చట్టప్రకారం వాడారా అని చూస్తారు. ఇంగ్లండులో ఈ రిట్ పేరు నేడు మారినా ఈ తేడా అలాగే నిలిచి ఉంది. సొలిసిటర్ కావాలనుకునే విద్యార్థి ముందుగా పట్టుకోవలసింది దీన్నే.

ప్రీవీ కౌన్సిల్ తరఫున వైకౌంట్ సైమన్ ఇచ్చిన తీర్పు చరిత్రను తవ్వింది. 1862లో ఏర్పడ్డ మద్రాసు హైకోర్టుకు ఈ అధికారం అంతకు ముందు మద్రాసులో ఉన్న పాత సుప్రీంకోర్టు నుంచి వారసత్వంగా వచ్చింది. ఆ సుప్రీంకోర్టు అధికారం ప్రధానంగా మద్రాసు నగరానికే పరిమితం. బోర్డు కార్యాలయం నగరంలోనే ఉన్నా, రైతులూ భూములూ గంజాంలో ఉన్నందువల్ల రిట్ చెల్లదన్నారు. పల్లెలో పుట్టిన వివాదం పట్నం కోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఇది జమీందారు వైపు మొగ్గిన తీర్పు కాదా అని అడగవచ్చు. తీర్పులోని తర్కం మాత్రం జమీందారును చూసి నడవలేదు, ఆ పాత సుప్రీంకోర్టుకు అధికారమిచ్చిన చార్టరు మాటలను చూసి నడిచింది. అయితే తర్కం గట్టిగా ఉన్నంత మాత్రాన ఫలితం న్యాయం కాదు. నగరవాసికి దొరికే రక్షణ పల్లె రైతుకు దొరకకపోవడం ఆ వ్యవస్థలోనే ఉన్న లోపం. రైతును నిజంగా గట్టెక్కించింది ఎస్టేట్ల రద్దు చట్టమే కదా, రిట్లతో పనేమిటి అన్నది మరో ప్రశ్న. జమీందారీ పోయినా ఉత్తర్వులు రాసే అధికారులు పోలేదు. చట్టం హక్కునిస్తుంది. ఆ చట్టాన్ని అమలుచేసేవారు దారి తప్పితే అడిగే చోటు కూడా కావాలి.

ఆ చోటును 1950లో రాజ్యాంగం 226వ అధికరణంతో ప్రతి హైకోర్టులోనూ కల్పించింది. 1953లో, ఎన్నికల కమిషన్‌పై సాకా వెంకటరావు రిట్ కోరిన కేసులో భారత సుప్రీంకోర్టు ఈ పర్లాకిమిడి తీర్పును గుర్తుచేసి, రాజ్యాంగ నిర్మాతలు ఆ లోటు తీర్చదలచారని చెప్పింది. కానీ అదే తీర్పులో, ఎన్నికల కమిషన్ ఢిల్లీలో ఉంది గనుక మద్రాసు హైకోర్టు దాని మీద రిట్ ఇవ్వలేదంది. గారబంధ రైతులకు బోర్డు మద్రాసులో ఉండి కూడా లాభం లేకపోయింది. వెంకటరావుకు కమిషన్ మద్రాసులో లేకపోవడమే అడ్డయింది. 1963లో పదిహేనో సవరణ ఈ చిక్కు విప్పి, వ్యాజ్య కారణం పుట్టిన చోటి హైకోర్టుకూ అధికారమిచ్చింది. నేడు ఢిల్లీ ఉత్తర్వు వల్ల టెక్కలిలో నష్టపోయిన రైతు అమరావతి హైకోర్టు తలుపు తట్టవచ్చు. దెబ్బ తగిలిన చోటే మందు దొరకాలన్న ఈ సూత్రం కుదురుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ ప్రశ్నను మొదట లండన్ దాకా మోసుకెళ్లినవారు మన పొరుగు పల్లెల రైతులే.