పంపినవారెవరు? సింగపూర్‌లో రెండు క్యాథలిక్ అధికారాలు

రాఫెల్స్ ప్లేస్ నుండి ఎమ్.ఆర్.టి.లో ఒక్క స్టేషను దాటితే సిటీ హాల్. అక్కడికి సమీపంలో క్వీన్ స్ట్రీట్‌లో గుడ్ షెపర్డ్ కతీడ్రల్, విక్టోరియా స్ట్రీట్‌లో సెయింట్ జోసెఫ్ చర్చి ఉన్నాయి. రెండూ క్యాథలిక్ ఆలయాలే, నడుమ దూరం కొద్ది నిమిషాల నడక. అయినా 1981 వరకు రెండవది సింగపూర్ ఆర్చిబిషప్ ఏలుబడిలో లేదు. మకావ్ పీఠాధిపతి కింద ఉండేది.

ఈ వింతకు మూలం పద్రువాదో. ఆసియాలో పీఠాధిపతులను ప్రతిపాదించే హక్కును పోర్చుగల్ రాజుకు పోపులే ఇచ్చారు. 1622లో ప్రొపగాండా ఫీదేను స్థాపించి, రోమ్ తానే నేరుగా మిషనరీలను పంపసాగింది. వరమిచ్చినవారే దానిని కుదించజూచారన్నమాట. 1825లో పాద్రి పింటో ఎ మాయా పోర్చుగీసు పక్షాన సింగపూర్ చేరాడు. రెండేళ్లకు పోప్ 12వ లియో ఈ ద్వీపాన్ని సయాం మిషను పరిధిలో చేర్చాడు. ఫ్రెంచి గురువులకు అదే ఆధారమైంది.

ఇరుపక్షాల గురుపట్టాభిషేకంలోనూ లోపం లేదు. కాని చర్చి ధర్మశాస్త్రం ప్రకారం పాపసంకీర్తనంలో క్షమాపణ చెల్లాలంటే పట్టాభిషేకం ఒక్కటే చాలదు, అధికారమూ కావాలి. కనుక సామాన్య విశ్వాసికి ఇది కాగితాల తగవు కాదు. తన పాపం తీరిందో లేదో అన్న సందేహం.

మైలాపూరు సహా పోర్చుగీసు పీఠాల అధికారాన్ని పోప్ 16వ గ్రెగొరీ 1838లో రద్దు చేసినా పోర్చుగీసు గురువులు లొంగలేదు. తెలుగువారికి దగ్గరైన మద్రాసులోనూ ఇదే చీలిక. మద్రాసు, మైలాపూరు పీఠాలు 1952లో గాని ఏకం కాలేదు. 1886 ఒప్పందం సింగపూర్‌లో ఎవరినీ ఓడించలేదు. ఊరు ఫ్రెంచివారిది, సెయింట్ జోసెఫ్ సంఘం మకావ్‌ది అని పంచింది.