ఏడు సీట్ల ఎర్టిగా: ఏ వేరియంట్‌లో ఏముంది? ఏ కుటుంబానికి ఏది సరిపోతుంది?

ఇంట్లో ఆరుగురు దాటితే మామూలు కారు చాలదు. అమ్మానాన్న, భార్యాభర్తలు, ఇద్దరు ముగ్గురు పిల్లలు... ఊరికి వెళ్లాలన్నా, పెళ్లికి వెళ్లాలన్నా సగం మంది కారులో, సగం మంది బస్సులో వెళ్లాల్సి వస్తుంది. అందుకే హైదరాబాద్ నుంచి కర్నూలు దాకా, నిజామాబాద్ నుంచి గుంటూరు దాకా మధ్యతరగతి కుటుంబాలు సెవెన్ సీటర్ వైపు చూస్తున్నాయి. ఈ కోవలో ఎక్కువగా వినిపించే పేరు మారుతీ సుజుకీ ఎర్టిగా.

అయితే షోరూమ్‌కు వెళ్లగానే ఒక పొరపాటు జరుగుతుంది. అందరూ డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్ పట్టుకుంటారు, స్క్రీన్ నొక్కి చూస్తారు. చివరి వరుసలో కూర్చుని చూసేవాళ్లు తక్కువ. కానీ సెవెన్ సీటర్ కొనేదే ఆ చివరి వరుస కోసం. అక్కడ కూర్చునేది ఎక్కువగా పిల్లలే. కాబట్టి ఏ వేరియంట్ కొనాలన్నది ముందు సీటు నుంచి కాకుండా వెనక సీటు నుంచి లెక్కేసుకోవాలి.

ఎర్టిగా ఎలా వచ్చింది?

ఎర్టిగా 2012 ఏప్రిల్‌లో మన మార్కెట్‌లోకి వచ్చింది. 2018 నవంబర్‌లో రెండో తరం బండి వచ్చింది. మొదటిదానికంటే ఇది పొడవు, వెడల్పు రెండింటిలోనూ పెద్దది. 2020లో బీఎస్-6 నిబంధనలు అమలవడంతో డీజిల్ ఇంజిన్ ఆపేశారు. 2022 ఏప్రిల్‌లో కొత్త పెట్రోల్ ఇంజిన్, పాత 4 గేర్ల ఆటోమేటిక్ స్థానంలో 6 గేర్ల ఆటోమేటిక్ వచ్చాయి. 2025 జూలైలో అన్ని వేరియంట్లకూ 6 ఎయిర్‌బ్యాగులు ఇవ్వడం మొదలైంది.

ఇంజిన్ 1,462 సీసీ పెట్రోల్. పవర్ సుమారు 103 పీఎస్. సీఎన్‌జీ మీద నడిస్తే అది 88 పీఎస్‌కు తగ్గుతుంది. పెట్రోల్ ట్యాంకు 45 లీటర్లు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2,740 మిల్లీమీటర్లు. మూడు వరుసలు పట్టేది ఈ జాగాలోనే.

ఏ వేరియంట్‌లో ఏముంది?

ఎర్టిగాలో ప్రధానంగా నాలుగు మెట్లు ఉన్నాయి. కంపెనీ అప్పుడప్పుడు చిన్న చిన్న మార్పులు చేస్తుంటుంది కాబట్టి బుకింగ్ రోజున బ్రోచర్ మరోసారి చూసుకోవాలి. మొత్తం మీద తేడాలు ఇలా ఉంటాయి.

ఎల్‌ఎక్స్‌ఐ: ఇది బేస్ మోడల్. ఇంజిన్ పై వేరియంట్లలో ఉన్నదే. ఏబీఎస్, బండి జారకుండా పట్టుకునే ఈఎస్‌పీ, ఎత్తు మీద ఆగినప్పుడు వెనక్కి జారనివ్వని హిల్ హోల్డ్, రివర్స్ పార్కింగ్ సెన్సార్లు ఉంటాయి. ముందు ఏసీ ఉంటుంది కానీ వెనక వరుసలకు వేరే ఏసీ వెంట్లు రావు. మ్యూజిక్ సిస్టమ్ ఉండదు. గేర్లు మాన్యువల్ మాత్రమే.

వీఎక్స్‌ఐ: కుటుంబానికి అసలు బండి ఇక్కడ మొదలవుతుంది. వెనక కూర్చున్నవాళ్ల కోసం వేరే ఏసీ వెంట్లు, స్పీడ్ కంట్రోల్ వస్తాయి. బ్లూటూత్ ఉన్న ఆడియో, స్టీరింగ్ మీద బటన్లు ఉంటాయి. పెట్రోల్ మాన్యువల్, పెట్రోల్ ఆటోమేటిక్, సీఎన్‌జీ మూడూ ఈ వేరియంట్‌లో దొరుకుతాయి.

జెడ్‌ఎక్స్‌ఐ: టచ్‌స్క్రీన్, అలాయ్ వీల్స్, ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్, తాళం తిప్పకుండా బటన్‌తో స్టార్ట్, డ్రైవర్ సీటు ఎత్తు మార్చుకునే సదుపాయం ఉంటాయి. దీనిలోనూ సీఎన్‌జీ ఉంది.

జెడ్‌ఎక్స్‌ఐ ప్లస్: టాప్ ఎండ్. రివర్స్ కెమెరా, చీకటి పడగానే వాటంతట అవే వెలిగే హెడ్‌లైట్లు, మెరుగైన సౌండ్ సిస్టమ్ లాంటివి కలుస్తాయి. ఇందులో సీఎన్‌జీ లేదు.

ఆటోమేటిక్ గేర్లు వీఎక్స్‌ఐ నుంచి పైకి, పెట్రోల్‌లోనే ఉన్నాయి. సీఎన్‌జీ తీసుకుంటే క్లచ్ తొక్కాల్సిందే.

తర్వాత పెట్టించుకోగలిగేవి, పెట్టించుకోలేనివి

ఏ మెట్టు దగ్గర ఆగాలో తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఒక కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒక గడిలో బయట మార్కెట్‌లో తర్వాత పెట్టించుకోగలిగినవి రాయండి: టచ్‌స్క్రీన్, రివర్స్ కెమెరా, అలాయ్ వీల్స్, సీటు కవర్లు, స్పీకర్లు. రెండో గడిలో ఎంత డబ్బు పెట్టినా తర్వాత సరిగ్గా కుదరనివి రాయండి: వెనక ఏసీ, ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ, ఆటోమేటిక్ గేర్లు.

రెండో గడిలో ఉన్నవాటికి డబ్బు పెట్టడం న్యాయం. మొదటి గడిలో ఉన్నవాటి కోసం ఒక మెట్టు పైకి వెళ్లేముందు ఆగి లెక్క చూసుకోవాలి. ఈ లెక్కన చూస్తే ఎల్‌ఎక్స్‌ఐ చవకగా కనిపించినా ఏప్రిల్, మే ఎండల్లో చివరి వరుసలో ఉన్న పిల్లలకు అది నరకమే. ముందు ఏసీ గాలి మూడో వరుస దాకా చేరేసరికి చాలా టైమ్ పడుతుంది. ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ అన్నింటిలో వస్తున్నాయి కాబట్టి కింది వేరియంట్‌కూ పై వేరియంట్‌కూ మధ్య అసలు తేడా వెనక ఏసీ దగ్గరే తేలుతుంది. ఏడుగురు తిరిగే ఇంటికి వీఎక్స్‌ఐ కనీస మెట్టు అనుకోవచ్చు.

ఒక జాగ్రత్త. బయట స్క్రీన్, కెమెరా పెట్టించేటప్పుడు వైర్లు కత్తిరించి కలిపితే వారంటీ విషయంలో పేచీ రావచ్చు. కోయకుండా సాకెట్‌కు తగిలించే కప్లర్ వాడమని ముందే చెప్పాలి.

పది లక్షల గీత

చాలామంది ఎక్స్ షోరూమ్ ధర చూసి ఆగిపోతారు. అసలు దెబ్బ లైఫ్ ట్యాక్స్ దగ్గర పడుతుంది. తెలంగాణలో సొంత వాడకం పెట్రోల్ కారు ధర 10 లక్షలు దాటితే లైఫ్ ట్యాక్స్ శాతం పెరుగుతుంది. 10 లక్షలు దాటిన భాగం మీదనే కాదు, మొత్తం ధర మీద కట్టాలి. అదే పేరు మీద ఇప్పటికే ఒక కారు ఉంటే ఇంకో 2 శాతం కలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ధరను బట్టి స్లాబులున్నాయి, అక్కడివాళ్లు తమ రవాణా శాఖ పట్టిక చూసుకోవాలి.

ఒక ఉదాహరణ. 10 లక్షల లోపు 14 శాతం, దాటితే 17 శాతం అనుకుందాం. 9 లక్షల 90 వేల బండికి 14 శాతం అంటే 1,38,600 రూపాయలు. 10 లక్షల 10 వేల బండికి 17 శాతం అంటే 1,71,700 రూపాయలు. బండి ధరలో తేడా 20 వేలే, ట్యాక్స్‌లో తేడా 33,100. అంటే 20 వేల ఫీచర్ కోసం జేబులోంచి 53,100 పోతోంది.

దీనికి తోడు 10 లక్షలు దాటిన కారు మీద డీలర్ 1 శాతం టీసీఎస్ వసూలు చేస్తాడు. ఇది పోయే డబ్బు కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు, రిఫండ్ తెచ్చుకోవచ్చు. అయితే రిటర్న్ వేయకపోతే అది రాదు. బిల్లు మీద కొనేవారి పాన్ నంబర్ సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకోండి.

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా మారింది. ఎర్టిగా 4 మీటర్ల కంటే పొడవు కాబట్టి చిన్న కార్లకు వచ్చిన 18 శాతం రేటు దీనికి రాదు. సెస్‌తో కలిపి 45 శాతంగా ఉన్నది 40 శాతానికి దిగింది.

సీఎన్‌జీ నిజంగా చవకేనా?

కంపెనీ చెప్పే మైలేజీ పెట్రోల్ మాన్యువల్‌లో లీటరుకు 20.51 కిలోమీటర్లు, సీఎన్‌జీలో కిలోకు 26.11 కిలోమీటర్లు. ఇవి పరీక్షలో వచ్చిన అంకెలు. ఏడుగురితో, ఏసీతో, సిటీ ట్రాఫిక్‌లో అంత రాదు. పోల్చడానికి మాత్రం పనికొస్తాయి.

పెట్రోల్ లీటరు 107, సీఎన్‌జీ కిలో 96 రూపాయలు అనుకుందాం. కిలోమీటరుకు పెట్రోల్‌లో 5 రూపాయల 22 పైసలు, సీఎన్‌జీలో 3 రూపాయల 68 పైసలు అవుతుంది. మిగిలేది రూపాయి 54 పైసలు. సీఎన్‌జీ బండికి 90 వేలు ఎక్కువ పెట్టారనుకుంటే అది తిరిగి రావడానికి సుమారు 58 వేల కిలోమీటర్లు తిరగాలి.

ఇక్కడే పది లక్షల గీత మళ్లీ అడ్డొస్తుంది. పెట్రోల్ వీఎక్స్‌ఐ 9 లక్షల 80 వేలు, సీఎన్‌జీ 10 లక్షల 70 వేలు అనుకుంటే, పైన అనుకున్న శాతాల ప్రకారం లైఫ్ ట్యాక్స్ 1,37,200 నుంచి 1,81,900కు పెరుగుతుంది. అంటే అసలు అదనపు ఖర్చు 90 వేలు కాదు, 1,34,700. అది రావాలంటే సుమారు 87 వేల కిలోమీటర్లు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఏడేళ్లు దాటుతుంది. నెలకు మూడు వేలు తిరిగే వ్యాపారికైతే రెండున్నరేళ్లలో వచ్చేస్తుంది. చేతిలో ఉన్న కొటేషన్ అంకెలు పెట్టి ఎవరికి వారు ఈ లెక్క వేసుకోవాలి.

సీఎన్‌జీలో ఇంకో చిక్కు డిక్కీ. మూడు వరుసలూ నిలబెట్టి ఉంటే పెట్రోల్ బండిలోనే డిక్కీ 209 లీటర్లు, అంటే రెండు మూడు చిన్న బ్యాగులు. సీఎన్‌జీలో ఆ జాగాను చాలావరకు సిలిండర్ తీసేసుకుంటుంది. ఏడుగురూ సామానుతో ఊరెళ్లాలంటే పైన క్యారియర్ తప్పదు. మూడో వరుస మడిస్తే పెట్రోల్ బండి డిక్కీ 550 లీటర్లు అవుతుంది, కానీ అప్పుడది ఐదు సీట్ల బండే.

భద్రత మాటేమిటి?

ఈ విషయం దాచుకోకుండా మాట్లాడుకోవాలి. 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఆఫ్రికాలో అమ్మే, భారత్‌లో తయారైన ఎర్టిగాను ఢీకొట్టించి పరీక్షించింది. పెద్దల భద్రతలో 1 స్టార్, పిల్లల భద్రతలో 2 స్టార్లు వచ్చాయి. ఆ బండిలో రెండే ఎయిర్‌బ్యాగులున్నాయి. ఇప్పుడు మన దగ్గర ఆరు ఇస్తున్నారు. అది మంచి మార్పే, కానీ ఎయిర్‌బ్యాగుల సంఖ్య పెరిగినంత మాత్రాన బాడీ గట్టిదనం మారిపోదు. సెకండ్ హ్యాండ్‌లో 2025 జూలైకి ముందు బండి కొనేవాళ్లు ఎయిర్‌బ్యాగులు ఎన్ని ఉన్నాయో తప్పక చూసుకోవాలి. సొంత వాడకం బండా, ఇంతకుముందు ట్యాక్సీగా తిరిగిందా అన్నది ఆర్సీ వివరాల్లో తేల్చుకోవాలి.

మూడో వరుస వెనక అద్దానికి దగ్గరగా ఉంటుంది. వెనక నుంచి లారీ గుద్దితే మొదట దెబ్బ అక్కడే. కాబట్టి చివరి సీట్లో పిల్లలకు బెల్టు పెట్టకుండా, ఇద్దరి చోట ముగ్గురిని కుక్కి తీసుకెళ్లడం చాలా ప్రమాదం. చిన్నపిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు రెండో వరుసలో ఉన్నాయి, పసిపిల్లలను అక్కడే కూర్చోబెట్టాలి. మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. ఏడు సీట్లంటే డ్రైవర్‌తో కలిపి ఏడుగురని కూడా గుర్తుంచుకోవాలి.

మిగతా బండ్లు

బడ్జెట్ తక్కువైతే రెనో ట్రైబర్ ఉంది. 4 మీటర్లలోపు బండి, 999 సీసీ ఇంజిన్ కాబట్టి దీనికి 18 శాతం జీఎస్టీ వర్తిస్తుంది. మూడో వరుస సీట్లు ఊడదీసి ఇంట్లో పెట్టుకోవచ్చు. ఏడుగురు కూర్చుంటే డిక్కీ 84 లీటర్లే, ఇంజిన్ పవర్ 72 పీఎస్ మాత్రమే. నిండు లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కాలంటే ఓపిక కావాలి.

కొంచెం ఎక్కువ పెట్టగలిగితే కియా కారెన్స్. 2022లో వచ్చినప్పటి నుంచీ బేస్ మోడల్‌లో కూడా 6 ఎయిర్‌బ్యాగులున్నాయి. 2024 గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దలకు 3, పిల్లలకు 5 స్టార్లు వచ్చాయి. టయోటా రూమియన్ అంటే వేరే పేరుతో, వేరే షోరూమ్‌లో దొరికే ఎర్టిగానే. వెయిటింగ్ ఎక్కువ చెబితే అక్కడా అడిగి చూడొచ్చు. పెద్దవాళ్లు కూడా మూడో వరుసలో సుఖంగా కూర్చోవాలంటే ఇన్నోవా క్రిస్టా, హైక్రాస్ వైపు వెళ్లాలి, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

బుకింగ్‌కు ముందు

షోరూమ్‌కు ఇంట్లో అందరూ కలిసి వెళ్లడం మంచిది. ఏడుగురూ ఒకేసారి బండిలో కూర్చోండి. రెండో వరుస సీటు ముందుకు జరిపితే వెనకవాళ్ల మోకాళ్లకు ఎంత చోటు మిగిలిందో చూడండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కి దిగగలరా చూడండి. ఏసీ వేయించి పది నిమిషాలు చివరి వరుసలో కూర్చోండి. పక్క ఎయిర్‌బ్యాగులు మూడో వరుస దాకా వస్తాయా, ప్రతి సీటుకూ భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా అని అడిగి, బ్రోచర్‌లో చూపించమనండి. టెస్ట్ డ్రైవ్ కూడా ఒక్కరితో కాకుండా అందరితో తీసుకుంటేనే ఇంజిన్ సత్తా తెలుస్తుంది.

చివరగా రెండు వేరియంట్లకు ఆన్ రోడ్ కొటేషన్లు రాతపూర్వకంగా తీసుకోండి. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, టీసీఎస్, యాక్సెసరీస్ విడివిడిగా రాయించుకోండి. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, పెరిగిన డబ్బులో చివరి వరుసలో కూర్చునేవాళ్లకు దక్కేది ఎంతో చూసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.