పసుపు పెట్టె నేర్పిన పాఠము

ఎన్నికలలో ధనమునకును, పత్రికలకును గల ప్రాబల్యము నేడు పుట్టినది కాదు. 1937లో మదరాసు రాజధానిలో జరిగిన శాసనసభ ఎన్నికలు ఇందులకు తగిన నిదర్శనము.

నాడు వయోజనులందరికి ఓటు లేదు. ఆస్తి, పన్ను, చదువు మున్నగు అర్హతలు గలవారికే ఆ హక్కు. జస్టిస్ పక్షమున జమీందారులు మెండుగా నుండిరి. 1932లో ముఖ్యమంత్రి పదవి నధిష్ఠించిన బొబ్బిలి రాజావారే దాని నాయకులు. ఆ పక్షమునకు వ్యవహారనామము సైతము పత్రిక వలననే కలిగెను. 1917లో వెలువడిన 'జస్టిస్' అను ఆంగ్ల దినపత్రిక పేరే జనుల నోట పక్షము పేరయ్యెను.

కాంగ్రెసునకును పత్రికాబలము కొఱవడలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించి, 1914లో మదరాసున దినపత్రికగా మార్చిన 'ఆంధ్రపత్రిక' జాతీయోద్యమమును ఊరూర వినిపించెను. అమృతాంజనపు రాబడి దానికి ఊతమయ్యెను. ధనము లేనిదే పత్రిక నడువదు. అయితే ఆ ధనమెవరిదో, ఆ పత్రిక యెవరి పక్షమో చదువరులకు నాడు తెలిసియే యుండెను.

చదువురాని ఓటర్లు గుర్తించుటకై పక్షములకు రంగుల పెట్టెలుండెను. కాంగ్రెసుది పసుపు పెట్టె. బొబ్బిలిలో రాజావారిని ఓడించినవారు వరాహగిరి వేంకటగిరిగారు. వారి జన్మస్థలము 1936లో ఒరిస్సాలో చేరిన బరంపురము. మొత్తము 215 స్థానములలో 159 కాంగ్రెసు వశమయ్యెను. సిరిసంపదలు ఒక్కటే గెలుపును కొనిపెట్టజాలవని నాడు తేటపడెను.

నేడు చిక్కు వేఱు. అభ్యర్థి వ్యయమునకు పరిమితి కలదు. పార్టీ వ్యయమునకు లేదు. 2009 ఎన్నికలలో సొమ్ము పుచ్చుకొని ప్రచారమును వార్తగా అచ్చొత్తిరన్న ఆరోపణలను ప్రెస్ కౌన్సిల్ విచారించెను. దాతల పేర్లు ఓటరుకు తెలియనీయని ఎన్నికల బాండ్లు 2018లో అమలులోనికి వచ్చెను. ఓటరు తెలిసికొను హక్కునకు అవి భంగకరములని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసెను.

ధనమున్నంత మాత్రమున దోషము లేదు. అది మఱుగున నుండుటయే దోషమని మేము తలంచుచున్నాము. పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములకు ఒక సౌలభ్యము కలదు. ఇంటిభాష పత్రికను, ఊరిభాష పత్రికను పక్కపక్కనుంచి ఒకే వార్తను పోల్చి చూడగలము. ఆ వార్తకు మూల్యమిచ్చినదెవరని ఓటు వేయుటకు ముందే విచారింతము. అది తెలియనిచో ఓటు మనదైనను నిర్ణయము పరులది యగును.