కల్పనకి దీపం పెట్టాం, ఆ ఆరుగురికి?



అల్ మవాలేలో మా ఇంటికి ప్రతి శుక్రవారం కొంతమంది పిల్లలు తెలుగు చదువుకోడానికి వస్తారు. జనవరి ఆఖర్లో వాళ్ళ చేత కల్పనా చావ్లా గురించి ఒక పేజీ చదివించాను. చదవడం అయ్యాక పన్నెండేళ్ళ అమ్మాయి అడిగింది: "తాతగారూ, ఆవిడ తెలుగావిడా?"

"కాదమ్మా, హర్యానా. కర్నాల్ ఊరు."

"మరి తెలుగు క్లాసులో ఎందుకు చదువుతున్నాం?"

నాకు వెంటనే జవాబు రాలేదు. వచ్చే శుక్రవారం చెప్తానన్నాను. ఆ జవాబే ఈ వ్యాసం. రాయడం మొదలుపెట్టాక నేను అనుకోని చోటికి వెళ్ళింది.

ముందు ఆ రోజు సంగతి. 2003 ఫిబ్రవరి 1, శనివారం. అప్పట్లో ఒమన్‌లో సెలవులు గురువారం, శుక్రవారం. అంటే శనివారం ఆఫీసులో వారానికి మొదటి రోజు. కొలంబియా స్పేస్ షటిల్ అమెరికాలో ఉదయం 9:16కి ఫ్లోరిడాలో దిగాలి. మన మస్కట్ టైము సాయంత్రం 6:16. ఇండియాలో రాత్రి 7:46. ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ తాగుతూ టీవీలో దిగడం చూద్దామని కూర్చున్నాను. ఆరు గంటలకి ఒక నిమిషం ముందు, అంటే దిగడానికి పావుగంట పైన ఉండగా, కొలంబియా నుంచి మాట ఆగిపోయింది. కాసేపటికి టెక్సస్ ఆకాశంలో తెల్లటి గీతలు చూపించారు. ఒక గీత ఉండాల్సిన చోట చాలా గీతలు ఉన్నాయి. టీవీలో మనిషి ఇంకా ఏమీ చెప్పలేదు. కానీ చూసినవాళ్ళకి అర్థమైపోయింది.

ఏడుగురు చనిపోయారు. రిక్ హస్బెండ్, విలియం మెక్‌కూల్, మైకేల్ ఆండర్సన్, డేవిడ్ బ్రౌన్, లారెల్ క్లార్క్, ఇజ్రాయెల్ నుంచి ఇలాన్ రామన్, మన కల్పన. ఆమె 1997లో వెళ్ళిందీ కొలంబియాలోనే, రెండోసారి వెళ్ళిందీ కొలంబియాలోనే.

కారణం తర్వాత తేలింది. జనవరి 16న పైకి లేచిన 82 సెకన్లకి, పెద్ద ఇంధనం ట్యాంకు మీద ఉండే నురుగు పొరలోంచి ఒక ముక్క ఊడింది. బరువు ముప్పావు కిలో. అది గంటకి 800 కిలోమీటర్ల పైన వేగంతో ఎడమ రెక్క అంచుకి తగిలి కన్నం పెట్టింది. పదహారు రోజులు అందరూ పైన బాగానే పని చేసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు, గాలి రాపిడికి పుట్టిన మంటలాంటి వేడి ఆ కన్నంలోంచి లోపలికి వెళ్ళింది.

కర్నాల్‌లో ఆమె చదివిన టాగోర్ బాల్ నికేతన్ స్కూల్లో పిల్లలు ఆ సాయంత్రం సంబరానికి చేరారు. అదే చోట ఏడ్చారు.

ఆ రాత్రి మా అమ్మ సూళ్ళూరుపేట నుంచి ఫోన్ చేసింది. శ్రీహరికోటకి వెళ్ళాలంటే మా ఊరి మీదుగానే వెళ్ళాలి. అక్కడి నుంచి పులికాట్ సరస్సు మధ్యగా రోడ్డు. మా ఊళ్ళో దాన్ని శ్రీహరికోట అనరు, "షార్" అంటారు. రాకెట్ వదిలే రోజు అందరం డాబాలు ఎక్కి చూస్తాం. అమ్మకి రాకెట్ అంటే ఇంటి సంగతి. ఫోన్లో ఒక్కటే అంది: "ఎవరి బిడ్డోరా నాయనా, నేల మీద కాలు పెట్టకుండానే పోయింది."

ఇక్కడ ఒక మాట నేర్చుకుందాం: పరామర్శ. ఎవరైనా పోతే మనం ఆ ఇంటికి వెళ్తాం. కూర్చుంటాం. పెద్దగా ఏమీ మాట్లాడం. లేచేటప్పుడు "వెళ్ళొస్తాను" అనం, ఎందుకంటే అలాంటి పని మీద మళ్ళీ రాకూడదు. మామూలుగా "వెళ్తాను" అనకూడదని చిన్నప్పుడు తిట్టిన అమ్మే, చావింట్లో మాత్రం ఏమీ చెప్పకుండా లేచి రమ్మంటుంది. పరామర్శ అంటే మాటలు కాదు, వెళ్ళడం.

మరి కల్పన కోసం ఎవరి ఇంటికి వెళ్ళాలి? లోకమంతా ఇదే ఇబ్బందిలో పడింది. అందుకని ఎవరి చేతిలో ఏది ఉంటే అది చేశారు. ఆ వారం మా గుడిలో ఒకావిడ ఆమె పేరు మీద దీపం పెట్టాలని వచ్చింది. పక్కనే ఉన్నాయన "గోత్రం ఏంటో" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆవిడ ఊరికే దీపం వెలిగించి దణ్ణం పెట్టుకుంది. తర్వాత చాలామంది వరసగా వచ్చి పెట్టారు. తెలుగువాళ్ళు, గుజరాతీలు, మలయాళీలు. ప్రమిదలు కడిగేది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు.

టెక్సస్‌లో ముక్కలు పడిన ఊళ్ళవాళ్ళు వేరే రకంగా పరామర్శ చేశారు. హెంఫిల్ అనే చిన్న ఊళ్ళో, అడవిలో వెతకడానికి వచ్చినవాళ్ళకి ఆడవాళ్ళు వారాల తరబడి వంట చేసి పెట్టారు. మొత్తం మీద దాదాపు 25,000 మంది వెతికారు. పక్కపక్కన నిలబడి, వరసగా, ముళ్ళపొదల్లోంచి నడిచారు. సుమారు 84,000 ముక్కలు దొరికాయి. అది షటిల్ బరువులో 38 శాతం. ఏడుగురి అవశేషాలూ దొరికాయి. ఆ పనిలో హెలికాప్టర్ కూలి ఇంకో ఇద్దరు పోయారు. గుడి వంటింట్లో పని చేసినవాడిగా నాకు హెంఫిల్ వాళ్ళ పద్ధతి బాగా అర్థమవుతుంది. ఏం చేయాలో తోచనప్పుడు అన్నం వండుతాం.

కల్పన అస్థికలని ఆమె కోరిక ప్రకారం యూటాలో జయాన్ నేషనల్ పార్కులో చల్లారు. అస్థికలు అంటే దహనం తర్వాత మిగిలిన ఎముకలు, బూడిద.

పెద్దవాళ్ళు, ప్రభుత్వాలు చేసే పరామర్శ పేరు పెట్టడం. న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లో 74వ వీధికి ఆమె పేరు చేర్చారు. ఆమె చదివిన టెక్సస్ యూనివర్సిటీలో హాస్టల్‌కి పెట్టారు. మార్స్ మీద ఏడు కొండలకి ఆ ఏడుగురి పేర్లు పెట్టారు. ఇండియాలో ఫిబ్రవరి 5న, అంటే నాలుగు రోజులకే, ప్రధాని వాజ్‌పేయి మెట్‌శాట్ అనే వాతావరణ ఉపగ్రహానికి "కల్పన-1" అని పేరు మార్చారు.

ఇక్కడే ఆ అమ్మాయికి నా మొదటి జవాబు దొరికింది. ఆ ఉపగ్రహం 2002 సెప్టెంబర్ 12న పీఎస్ఎల్‌వీ మీద శ్రీహరికోట నుంచి వెళ్ళింది. మా ఊరివాళ్ళు డాబా మీద నుంచి చూసిన రాకెట్ అది. అప్పటికి వారం ముందే ఆ కేంద్రానికి కూడా కొత్త పేరు వచ్చింది: సతీశ్ ధావన్ అంతరిక్ష కేంద్రం. ధావన్ గారు ఆ సంవత్సరం జనవరిలో పోయారు. చూడండి, పోయిన ఒకరి పేరున్న చోటి నుంచి వెళ్ళిన ఉపగ్రహానికి, పోయిన ఇంకొకరి పేరు పెట్టారు.

రెండో జవాబు ఒమన్‌లోనే ఉంది. కల్పన-1 భూమధ్యరేఖకి పైన, 74 డిగ్రీల తూర్పున కూర్చుని ఇండియానీ, అరేబియా సముద్రాన్నీ చూస్తూ ఉండేది. 2007 జూన్‌లో గోను తుఫాను వచ్చింది. ఇక్కడ పెద్దవాళ్ళెవరూ దాన్ని మర్చిపోలేదు. వాదీలు పొంగాయి, రోడ్లు కొట్టుకుపోయాయి, మస్కట్‌లో రోజుల తరబడి కుళాయిల్లో నీళ్ళు లేవు. ఒమన్‌లో యాభై మంది దాకా చనిపోయారు. ఆ తుఫాను ఎటు తిరుగుతోందో ఇండియా వాతావరణ శాఖ చూసింది కల్పన-1 పంపిన బొమ్మల్లో. ఆ ఉపగ్రహం 2017 దాకా పని చేసింది. తెలుగులో "కల్పన" అంటే లేనిదాన్ని ఊహించడం, కథ అల్లడం కూడా. ఈ కల్పన మాత్రం పదిహేనేళ్ళు ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించింది.

వ్యాసం ఇక్కడ ఆపేద్దాం అనుకున్నాను. కానీ శ్రీహరికోట అని రాయగానే అమ్మ రెండో ఫోన్ గుర్తొచ్చింది.

2004 ఫిబ్రవరి 23, సోమవారం. కొలంబియా పోయి సంవత్సరం మూడు వారాలు. షార్‌లో ఘన ఇంధనం తయారయ్యే చోట మంట లేచింది. ఘన ఇంధనం అంటే రబ్బరు లాంటి గట్టి ముద్ద. మండటానికి కావలసిన ఆక్సిజన్ కూడా దానిలోనే ఉంటుంది. అందుకే ఒకసారి అంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. అక్కడ పనిచేసే ఆరుగురు చనిపోయారు.

అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఈసారి టీవీలో తెల్లటి గీతలు లేవు. నేను "అయ్యో" అన్నాను. ఆ వారం కూడా గుడికి వెళ్ళాను, ప్రమిదలు కడిగాను. ఎవరూ ఆ ఆరుగురి పేరు మీద దీపం పెట్టలేదు. నేనూ పెట్టలేదు. కల్పన కోసం ఎవరి ఇంటికి వెళ్ళాలో తెలియక బాధపడిన నాకు, ఈసారి వెళ్ళగలిగిన ఇళ్ళు మా ఊరి చుట్టుపక్కలే ఉన్నాయి. ఆ వేసవిలో సెలవు మీద సూళ్ళూరుపేట వెళ్ళాను. చెంగాళమ్మ గుడికి వెళ్ళాను. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు వచ్చి మొక్కుకునే గుడి అది. ఆ ఇళ్ళకి మాత్రం వెళ్ళలేదు.

ఇది మన ఒక్కరి గుణం కాదు. 2003 ఆగస్టు 22న బ్రెజిల్‌లోని అల్‌కాంతరాలో రాకెట్ నేల మీదే అంటుకుని 21 మంది ఇంజనీర్లు, పనివాళ్ళు పోయారు. అంటే కొలంబియా తర్వాత ఏడు నెలలు కూడా కాలేదు. వాళ్ళ కోసం మా గుడిలో ఎవరూ దీపం పెట్టలేదు. కొలంబియా కథ కూడా ఏడుగురితో మొదలవలేదు. 1981లో అది మొదటిసారి ఎగరకముందే, మార్చి 19న, నైట్రోజన్ నింపిన వెనక భాగంలోకి పని కోసం వెళ్ళినవాళ్ళకి ఊపిరాడలేదు. ఒకరు ఆ రోజే, ఇంకొకరు కొన్ని రోజులకి చనిపోయారు. కొలంబియా పేరు చెప్పగానే వాళ్ళు ఎంతమందికి గుర్తొస్తారు?

ఎందుకు ఇలా? నాకు తోచింది చెప్తాను. ఆకాశంలో పోయినవాళ్ళ ముఖాలు మనకి ముందే తెలుసు. నవ్వుతూ చేయి ఊపడం చూశాం. నేల మీద పోయినవాళ్ళని మనం ముందు ఎప్పుడూ చూడలేదు. మన దుఃఖం తెలిసిన ముఖం వెంట వెళ్తుంది. అది తప్పని నేను అనను. కానీ కల్పన ముఖం కూడా మనకి టీవీ ఇచ్చిందే. ఆ ఆరుగురు చేసిన ఇంధనం లాంటిది లేకపోతే కల్పన-1 పైకి వెళ్ళేదే కాదు. పీఎస్ఎల్‌వీ మొదటి అంచె నిండా ఉండేది ఘన ఇంధనమే.

పోయిన శుక్రవారం ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే తెలుగు క్లాసులో చదవాల్సింది ఆ ఆరుగురి గురించి కదా, తాతగారూ?" అంది.

ఇద్దరి గురించీ చదువుదాం అన్నాను. ఫిబ్రవరి 1న ఒక దీపం పెట్టాం. 23న ఇంకోటి పెడతాం, ఆరు వత్తులతో. వత్తులు చేయడం పిల్లలకి నేర్పిస్తాను. అరచేతిలో దూది పెట్టి, రెండో చేత్తో మెల్లగా తిప్పాలి. గట్టిగా తిప్పితే నూనె పీల్చదు.

అమ్మ ఇప్పుడు లేదు. ఉంటే ఆ రోజు ఫోన్ చేసి చెప్పేవాణ్ణి.